మందపు గ్లౌజు, జారే పిడి

తుఫాను వెళ్ళిన మర్నాడు కోస్తా ఊళ్ళలో ముందుగా వినిపించేది చెట్ల కోత మిషను, అంటే చైన్ సా, చప్పుడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినప్పుడూ, 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానం మీద పడి కొబ్బరినీ జీడినీ నేలకూల్చినప్పుడూ, రోడ్లకు అడ్డం పడ్డ మానులను ముక్కలు చేసి దారి తెరిచింది ఈ మిషన్లే. అలాంటి చోట మిషను పట్టుకున్న చేతుల వంక చూస్తే మూడు రకాలు కనిపిస్తాయి. కొన్ని ఉత్త చేతులు. కొన్నిటికి రబ్బరు చుక్కలున్న తెల్ల నూలు గ్లౌజులు. ఇక ఎవరో జాగ్రత్తపరుడైన మేస్త్రి కొనిచ్చినవి, మోచేతి దాకా వచ్చే వెల్డింగు తోలు గ్లౌజులు. చూసేవాళ్ళ మెప్పు ఈ మూడో రకానికే దక్కుతుంది. మందంగా ఉన్నాయి కాబట్టి గట్టి రక్షణ అనుకుంటారు.

ఆ మెప్పు తప్పు. కోత మిషను విషయంలో మందమే రక్షణ అన్న నమ్మకం హార్డ్‌వేర్ దుకాణం గల్లా దగ్గర మొదలై కాంట్రాక్టరు బిల్లు దాకా, అక్కడి నుంచి భద్రతా శిక్షణ తరగతుల దాకా పాకింది. దాన్ని నమ్మి కొన్న గ్లౌజు చేతిని కాపాడదు. పైగా చేతిని కాపాడే అసలైన దాన్ని, అంటే పిడి మీద పట్టును, బలహీనపరుస్తుంది.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. నిప్పురవ్వకు మందం పనికొస్తుంది. సర్కారు తుమ్మ ముల్లుకు పనికొస్తుంది. ఇనుప కడ్డీలు మోసేవాడికీ, ఇటుకలు అందించేవాడికీ పనికొస్తుంది. అక్కడ పనికొచ్చినది ఇక్కడా పనికొస్తుందని అనుకోవడం సహజం. కానీ గొలుసు రంపం ముల్లులాంటిది కాదు, కత్తిలాంటిది కూడా కాదు. ఒక చిన్న లెక్క వేస్తే తేడా తెలుస్తుంది.

చైను చుట్టూ తిరిగే 20 అంగుళాల బారుకు సాధారణంగా వేసే మూడు బై ఎనిమిది పిచ్ చైనులో 72 డ్రైవ్ లింకులు ఉంటాయి, కోసే పళ్ళు 36. చైను మొత్తం పొడవు మీటరు ముప్పై ఏడు సెంటీమీటర్లు. అది సెకనుకు 20 మీటర్ల వేగంతో పరుగెడితే సెకనులో దాదాపు 15 చుట్లు తిరుగుతుంది. అంటే ఒకే చోటు మీదుగా సెకనుకు 500కు పైగా పళ్ళు పోతాయి. సెకనులో పదో వంతు చెయ్యి దానికి తగిలినా 50 పళ్ళు దాటిపోయినట్టే. పైగా ఆ పన్ను కత్తిలా గీత గీయదు. వడ్రంగి చిత్రిక పట్టినట్టు పదార్థాన్ని చెక్కి, పెళ్ళగించి, బయటికి విసురుతుంది. మిల్లీమీటరో ఒకటిన్నర మిల్లీమీటరో మందమున్న తోలు దాని ముందు ఎంతసేపు నిలుస్తుంది? తోలు మందాన్ని రెట్టింపు చేస్తే కలిసొచ్చే వ్యవధి చేతిని వెనక్కి లాక్కోవడానికి చాలదు.

చైన్ సా కోసమే తయారైన రక్షణ దుస్తులు అందుకే మందాన్ని నమ్ముకోలేదు. వాటి లోపల పొడవాటి, గట్టి పోగులు వదులుగా పొరలు పొరలుగా ఉంటాయి. పన్ను పై గుడ్డను చీల్చగానే ఆ పోగులు బయటికి లాగబడి, చైనుతోపాటు పోయి, దాన్ని తిప్పే స్ప్రాకెట్‌కు చుట్టుకుని మిషనును బిగబట్టేస్తాయి. వరికోత యంత్రంలో గడ్డి చుట్టుకుంటే ఏమవుతుందో తెలిసిన రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర లేదు. చైనును ఆపేది అడ్డుగోడ కాదు, చిక్కుముడి.

ఈ గ్లౌజులకు యూరపులో ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఉంది. మొదట ఈఎన్ 381-7, ఆ తర్వాత దాని స్థానంలో ఈఎన్ ఐఎస్ఓ 11393-4. పరీక్షలో చైనును నిర్ణీత వేగంతో గ్లౌజు మీద పడనిస్తారు. క్లాస్ 0 అంటే సెకనుకు 16 మీటర్లు, క్లాస్ 1 అంటే 20, క్లాస్ 2 అంటే 24, క్లాస్ 3 అంటే 28. పూర్తి రేజులో ఉన్న పెద్ద మిషను చైను 20 మీటర్ల వేగాన్ని మించి తిరుగుతుంది. కాబట్టి ఈ ప్రత్యేకమైన గ్లౌజు కూడా అభయహస్తమేమీ కాదు. వేగం తగ్గిన క్షణంలోనో, పక్కగా తగిలినప్పుడో గాయాన్ని చిన్నది చేసే ఒక అవకాశం, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి రావాలి. ఆ ప్రత్యేక గ్లౌజును చేతిలోకి తీసుకుని తిరగేసి చూడండి. రక్షణ పోగుల దిండు చాలా రకాల్లో ఎడమ చేతికే ఉంటుంది. అదీ చేతి వెనుక వైపే. కొన్నిటిలో వేళ్ళ వెనక్కూ సాగుతుంది, రెండు చేతులకూ ఉన్నవీ దొరుకుతాయి. కానీ అరచేతి వైపు మాత్రం ఎందులోనూ దిండు ఉండదు. అక్కడ ఉండేది పల్చటి, మెత్తటి తోలు. మేకతోలు లాంటిది.

ఎందుకిలా? చైన్ సా తయారీయే కుడిచేతి వాటంగా జరుగుతుంది. వెనుక పిడి, రేజు ఇచ్చే మీట కుడి చేతికి. ముందు పిడి ఎడమ చేతికి. ఎడమచేతి వాటమున్న వాళ్ళు కూడా ఇలాగే పట్టుకోవాలి, మార్చి పట్టుకుంటే చైను గీతకు ఒళ్ళు అడ్డమొస్తుంది. చైనుకు దగ్గరగా ఉండేది ఎడమ చెయ్యి, కొమ్మ కదిలి ఆ చెయ్యి పిడి మీంచి ముందుకు జారితే మొదట తగిలేది దాని వెనుక భాగం. అందుకే దిండు అక్కడ పెట్టారు. కుడి చేతికి ప్రధానమైన ముప్పు తెగిన చైను కొరడాలా వెనక్కి కొట్టడం. దానికి వెనుక పిడి కింద వెడల్పాటి పలక ఉంటుంది. ఇక అరచేతిలో దిండు పెడితే పిడి పట్టు పోతుంది. పట్టు పోతే ఏ దిండూ కాపాడలేదు. కాబట్టి అరచేతిని పల్చగా వదిలేశారు.

చైన్ సా గాయాలనే అధ్యయనం చేసి, చైన్ సా కోసమే గ్లౌజు రూపొందించినవాళ్ళు అరచేతి దగ్గర మందాన్ని వద్దనుకుని పట్టును ఎంచుకున్నారు. మందమే రక్షణ అనేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పాలి.

పట్టు ఎంత పెద్ద విషయమో కిక్‌బ్యాక్ చూసినవాళ్ళకు తెలుసు. బారు మొన పై భాగం దేనికైనా తగిలితే మిషను ఒక్కసారిగా పైకి, కోసేవాడి ముఖం వైపుకు ఎగురుతుంది. మనిషి చూసి, గ్రహించి, కదిలే వ్యవధి కంటే అది త్వరగా జరిగిపోతుంది. అప్పుడు కాపాడేవి రెండే. ఒకటి, ముందు పిడి చుట్టూ పూర్తిగా చుట్టుకున్న ఎడమ బొటనవేలు. రెండోది, ముందున్న చేతి కవచం ముందుకు వాలగానే పడే చైను బ్రేకు. బొటనవేలు పిడి కిందుగా చుట్టుకుని ఉంటే, మిషను ఎగిరినా చెయ్యి పిడిని వదలదు. మణికట్టు కవచానికి తగిలి బ్రేకు పడుతుంది. వెల్డింగు గ్లౌజు వేసుకుని అదే పిడి పట్టుకుని చూడండి. బొటనవేలు చుట్టూ తిరిగి వేళ్ళను అందుకోదు. చాలామంది తెలియకుండానే బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ళ పక్కనే పైన ఉంచేస్తారు. రంపం ఎగిరే క్షణానికి అది ఉత్త కొక్కెంలా మిగులుతుంది, ఊడిపోతుంది.

కుడి చేతి సంగతీ అంతే. రేజు మీట ఉండే సందు ఇరుకు. దానిలో మందపు వేలు దూరితే, వదలాలనుకున్న క్షణంలో పూర్తిగా వదలదు. చైను తిరుగుతూనే ఉంటుంది. ఆపే స్విచ్చును బొటనవేలితో తడిమి పట్టుకోలేకపోతే మిషనును ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వెతకాల్సి వస్తుంది. ఇంకొకటుంది. మందపు గ్లౌజులో పిడి ఆనవాలు తెలియక మనిషి అవసరానికి మించి బిగించి పట్టుకుంటాడు. గంటలో ముంజేతులు నీరసిస్తాయి. సాయంత్రానికి ఆ పట్టు సడలుతుంది.

మందం వాదం ఓడిపోయిన చోట దాని తమ్ముడు ఒకడు దిగుతాడు. అతని పేరు 'కట్ లెవెల్ 5'. ఆన్‌లైన్ అంగళ్ళలో బూడిద రంగు అల్లిక గ్లౌజుల మీద ఆ అంకె పెద్దగా కనిపిస్తుంది, పక్కన చైన్ సా బొమ్మ కూడా వేసేస్తారు. ఆ అంకె ఈఎన్ 388 అనే ప్రమాణంలోనిది. సుత్తి బొమ్మ కింద వరసగా వేసే గుర్తుల్లో మొదటిది ఒరిపిడికి, రెండోది కోతకు, మూడోది చినుగుడుకు, నాలుగోది పోటుకు. 2016 సవరణలో వాటి తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా ఇంకో కోత పరీక్ష అక్షరం చేరింది. ఎఫ్ అంటే 30 న్యూటన్ల ఒత్తిడి దాకా బ్లేడుకు తట్టుకున్నట్టు. ఇవన్నీ నిజమైన పరీక్షలే, పనికొచ్చేవే. కానీ ఆ పరీక్షలో వాడేది చిన్న బ్లేడు, మోటారుతో పరుగెత్తే పళ్ళ గొలుసు కాదు. గాజు పలకలు ఎత్తేవాడికీ, రేకులు మోసేవాడికీ ఆ అక్షరం ప్రాణప్రదం. చైన్ సా వాడేవాడికి అదే అక్షరాన్ని అభయంగా చూపి అమ్మడం మాత్రం మోసం. అంతకంటే మెత్తని మాట దానికి సరిపోదు.

అయితే ఆ అల్లిక గ్లౌజుకు కోత ముఠాలో ఒక చోటుంది, దాన్ని ఒప్పుకోవాలి. మిషను ఆగి ఉన్నప్పుడు. చైను మార్చేటప్పుడు, బిగువు సరిచూసేటప్పుడు, ఆకురాయితో పళ్ళకు పదును పెట్టేటప్పుడు చెయ్యి జారి పన్ను మీద పడితే లోతుగా తెగుతుంది. కదలని పన్నుకు ఆ గ్లౌజు నిజంగానే అడ్డు నిలుస్తుంది.

అమెరికాలో 2009 నుంచి 2013 దాకా అత్యవసర విభాగాలకు చేరిన చైన్ సా గాయాలను లెక్కగట్టిన అధ్యయనం ఒకటుంది. అయిదేళ్ళలో 1,15,000కు పైగా కేసులు. ఎక్కువగా దెబ్బ తగిలినవి చేతులూ వేళ్ళూ, మోకాళ్ళూ. చేతులకు ఇన్ని గాయాలవుతుంటే మందం వద్దనడం బాధ్యతా రాహిత్యం కాదా అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిన ప్రశ్నే. చెయ్యి పిడి మీద ఉన్నంతసేపు తెగని చైను దాన్ని చేరలేదు. పిడి వదిలినప్పుడు, జారినప్పుడు, ఒంటిచేత్తో కోస్తూ రెండో చేత్తో కొమ్మ పట్టుకున్నప్పుడు చేరుతుంది. ఈ మూడింటిలో ఒక్కదాన్నీ మందం ఆపదు. మొదటి రెండింటిని అదే తెచ్చిపెడుతుంది.

చట్టాలు రాసినవాళ్ళు కూడా గ్లౌజును కోటగోడగా చూడలేదు. అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఓషా అడవి కోత పనికి పెట్టిన నియమంలో చైన్ సా నడిపేవాడికి కాలి రక్షణ తప్పనిసరి. చేతి తొడుగును తప్పనిసరి చేసింది ఇనుప తాడు పట్టుకునేవాళ్ళకు. బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ తన చైన్ సా కరపత్రంలో, ఏ గ్లౌజు అన్నది పనినీ మిషనునూ బట్టి నిర్ణయించుకోమంటుంది. చైను కోత, ముళ్ళు, చలి, తడి, వీటిలో ఏ ముప్పు ఉందో చూసుకోమంటుంది. ఇక్కడేమో ఖర్చు కుదిరితే ముందు కొనేది లావుపాటి గ్లౌజు. కాళ్ళకు మామూలు లుంగీయో ప్యాంటో, పాదాలకు హవాయి చెప్పులు. డబ్బు పరిమితమైతే ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్టు, కాళ్ళకు రక్షణ ప్యాంటు, గట్టి బూట్లు ముందు కొనాలి. గ్లౌజు ఆ తర్వాతే.

ఇంకో వైపు నుంచి వచ్చే వాదన అసలు గ్లౌజే వద్దని. ఇందులో రెండు గొంతులున్నాయి. ఒకటి అనుభవజ్ఞులది: ఇరవై ఏళ్ళుగా ఉత్త చేతులతోనే కోస్తున్నాం, ఏమైంది? వాళ్ళ పనితనాన్ని శంకించనక్కర లేదు. కానీ ఆ మాట అనగలిగేది పది వేళ్ళూ మిగిలిన వాళ్ళే. జామాయిల్ తోటలో టన్ను లెక్కన కూలి పడే ముఠాలో మధ్యాహ్నానికి చెమట, బారు ఆయిలు, పెట్రోలు కలిసి అరచెయ్యి జారుతుంది. ఆ జారుడును పల్చటి తోలు అరికడుతుంది, ఉత్త చర్మం అరికట్టలేదు.

రెండో గొంతు వర్క్‌షాపులది. తిరిగే మిషను దగ్గర గ్లౌజు వేసుకోకూడదన్న సూత్రాన్ని ఐటీఐ చదివినవాళ్ళు మరచిపోరు. డ్రిల్లింగ్ మిషను దగ్గరా, లేతు దగ్గరా ఆ సూత్రం అక్షరాలా నిజం. అక్కడ చెయ్యి తిరిగే భాగం పక్కనే ఉండి పనిముక్కను అందిస్తుంది, గ్లౌజు కొస చిక్కుకుంటే చెయ్యి మొత్తం లోపలికి పోతుంది. చైన్ సాలో చేతులు పనిముక్క దగ్గర ఉండవు, పిడుల మీద ఉంటాయి. సూత్రం పుట్టిన కారణాన్ని వదిలేసి సూత్రాన్నే మోసుకొచ్చి ఇక్కడ దించడం సరికాదు. అయినా అందులోంచి తీసుకోవాల్సింది ఒకటుంది: వదులుగా వేలాడే అంచులు, ఊడిన పట్టీలు, మోచేతి దాకా తెరుచుకున్న గొట్టాలు ఇక్కడా పనికిరావు. మణికట్టు దగ్గర బిగువుగా ముగిసే గ్లౌజు కావాలి.

అరచేతిలో జెల్ నింపి 'యాంటీ వైబ్రేషన్' అని అమ్మేవి మరో భ్రమ. చైన్ సా అదురు చేసే హాని చిన్నది కాదు. ఏళ్ళ తరబడి అదురు సోకితే వేళ్ళలో రక్తనాళాలూ నరాలూ దెబ్బతింటాయి. చలి దేశాల్లో వేళ్ళు పాలిపోయి తెల్లబడతాయి. వేడి దేశాల్లో జరిగిన పరిశీలనల్లో ఎక్కువగా కనిపించినవి తిమ్మిర్లు, మొద్దుబారడం. ఫిన్లాండ్‌లో సువొముస్సల్మి అడవి కార్మికులను పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. 1972లో వాళ్ళలో 40 శాతం మందికి ఉన్న తెల్లవేళ్ళ జబ్బు 1990 నాటికి 5 శాతానికి దిగింది. ఆ మార్పు తెచ్చింది గ్లౌజు కాదు. ఆ కాలంలో మిషన్ల అదురే దాదాపు 14 నుంచి 2 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్‌కు తగ్గింది. ఇంజనుకూ పిడికీ మధ్య రబ్బరు దిమ్మలు, స్ప్రింగులు వచ్చాయి.

అదురు గ్లౌజులకు ఐఎస్ఓ 10819 అనే పరీక్ష ఉంది. దాని షరతు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. సెకనుకు 25 నుంచి 200 కంపనాల దాకా ఉన్న శ్రేణిలో అది అడిగేది అదురును కేవలం పదో వంతు తగ్గించమనే. నిమిషానికి 9,000 చుట్లు తిరిగే ఇంజను సెకనుకు 150 చుట్లు తిరుగుతుంది, అంటే దాని ప్రధాన అదురు ఆ శ్రేణిలోనే పడుతుంది. పదో వంతు లాభానికి అరచేతిలో దిండు మోయాలి, దానికోసం ఇంకా బిగించి పట్టుకోవాలి, బిగించిన కొద్దీ చేతిలోకి అదురు ఎక్కువగా వెళ్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఈ మాట ఎన్నేళ్ళు చెప్పినా జెల్ గ్లౌజులు అమ్ముడవుతూనే ఉన్నాయి. చీలిన రబ్బరు దిమ్మ మార్చడం, చైను పదునుగా ఉంచడం, ఒకే మనిషి చేత రోజంతా మిషను పట్టించకుండా ఇద్దరి మధ్య మార్చడం: ఖర్చు చేయాల్సింది వీటి మీద.

ఈ మధ్య అరచేతిలో ఇమిడే బ్యాటరీ రంపాలు ఇళ్ళలోకీ తోటల్లోకీ వచ్చాయి. వాటిని ఒంటిచేత్తో వాడతారు, రెండో చెయ్యి కొమ్మ పట్టుకుంటుంది. ఆ రెండో చేతికి కట్ గ్లౌజు తొడిగితే సరిపోతుందన్న సలహా ప్రమాదకరం. ఎలక్ట్రిక్ మోటారు తిప్పే బలం ముందు చిక్కుముడి పోగులు కూడా చాలకపోవచ్చని రక్షణ దుస్తుల తయారీదారులే హెచ్చరిస్తారు. అక్కడ మార్చాల్సింది గ్లౌజు కాదు, కొమ్మ పట్టుకునే అలవాటు.

మరి ఎలాంటిది కొనాలి? ముందు చేతిని కొలవాలి. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ దర్జీ టేపు తిప్పితే వచ్చే అంగుళాలే గ్లౌజు సైజుకు దగ్గరగా ఉంటాయి. 203 మిల్లీమీటర్లు వస్తే 8, 229 వస్తే 9, 254 వస్తే 10. పల్లె దుకాణంలో అందరికీ ఒకటే సైజు చేతిలో పెడతారు, చిన్న చేతులవాళ్ళకు వేళ్ళ కొసల్లో అర అంగుళం తోలు మడతపడి మిగిలిపోతుంది. ఆ మడతే రేజు మీట దగ్గర ఇరుక్కునేది. అరచేతి వైపు మెత్తని మేకతోలు, వెనుక గాలి ఆడే బట్ట ఉంటే మన ఎండల్లో వేసుకున్నవాడు గంటకే తీసి పక్కన పడేయడు. సర్కారు తుమ్మ కంపలు కొట్టే ముఠా అయితే ఈఎన్ 388 గుర్తులో నాలుగో అంకె, పోటుకు సంబంధించినది, చూసుకోవాలి. సరుగుడు, సుబాబుల్ తోటల్లో ఆ అవసరం తక్కువ. ఎడమ చేతి వెనుక చైన్ సా దిండు ఉన్నది దొరికి, దానితో పట్టు చెడకపోతే, అదే తీసుకోవాలి. చైను ఒకసారి తగిలిన దిండును సూది దారంతో కుట్టి మళ్ళీ వాడకూడదు. కుట్టు పోగులను బంధించేస్తుంది, అవి ఇక బయటికి లాగబడవు. దుకాణంలోనే గ్లౌజు తొడిగి మిషను పిడి పట్టుకుని చూడాలి. బొటనవేలు చుట్టూ తిరిగి వేళ్ళను కలిసిందా, చూపుడువేలు మీటను నొక్కి మొత్తం వదిలిందా, చూడకుండానే ఆపే స్విచ్చు తగిలిందా. ఈ మూడూ కాకపోతే ఎంత ఖరీదైనదైనా వెనక్కి ఇచ్చేయాలి.

ఇదంతా దొరకని సరుకేమీ కాదు. కలకత్తా చుట్టుపక్కల కుట్టే తోలు గ్లౌజులు ఓడలెక్కి ప్రపంచంలోని ఎన్నో దేశాల కార్మికుల చేతులకు చేరుతున్నాయి. మన తోటల్లో చెట్టు కోసేవాడికి మాత్రం వెల్డింగు షాపులో మిగిలినవి వస్తున్నాయి. చెట్లు కొట్టించే పంచాయతీ అయినా, కరెంటు తీగల కింద కొమ్మలు తీయించే కాంట్రాక్టరు అయినా, కొనుగోలు కాగితంలో 'గ్లౌజులు, హెవీ డ్యూటీ, ఒక జత' అని రాసే అలవాటు మానాలి. ఆ వరుసలో రాయాల్సింది ఇది: అరచేతి వైపు పల్చటి తోలు, మణికట్టు బిగువు, కోసేవాడి చేతి కొలత ప్రకారం సైజు, ఒకటి చెమటకు తడిస్తే మార్చుకోవడానికి మనిషికి రెండు జతలు, పదును పెట్టే పనికి అల్లిక గ్లౌజు వేరుగా ఒక జత.